జబ్బు నయమైన మడి

వ్యవసాయ కాలేజీలో మొక్కల జబ్బుల పాఠం చెప్పే ప్రొఫెసరుకు అందరూ కలిసి పెట్టిన పేరు తెగుళ్ళ మేడమ్. ఎదురుగా ఉన్నప్పుడు మేడమ్ అనేవారు, ఆవిడ వరండా మలుపు తిరగగానే ముందు తెగుళ్ళు తగిలించేవారు. ఆవిడకా సంగతి తెలుసు. పట్టించుకునే ఓపిక ఎప్పుడో పోయింది. ఏ పేరైతేనేం, పిలిస్తే పలకడానికే కదా అనుకునే దశకు వచ్చి చాలా ఏళ్ళయింది.

ఈ లోకంలో ఆవిడ నాది అనుకున్నది ఒక చిన్న మడి. కాలేజీ పొలంలో ఓ మూల, నీళ్ళ ట్యాంకు వెనకాల, ముళ్ళకంచె మధ్య ఉండేది. దాన్ని జబ్బు మడి అనేవారు. శనగకి ఎండు తెగులని ఒక జబ్బుంది. మట్టిలో దాక్కుని వేరు గుండా పైకెక్కుతుంది. నిన్న పచ్చగా ఉన్న మొక్క ఇవాళ తల వాలుస్తుంది, నాలుగు రోజులకి పుల్లై నిలబడుతుంది. ఆ జబ్బును తట్టుకునే విత్తనం ఏదో తేల్చాలంటే ముందు జబ్బు ఉండాలి కదా. అందుకని ఆవిడ ఆ మట్టికి కావాలనే జబ్బు తెప్పించింది. ఎక్కడ శనగ ఎండిపోయిందని విన్నా వెళ్ళి, చచ్చిన మొక్కల్ని గోనెసంచుల్లో తెచ్చి, నరికించి, మడిలో కలిపి దున్నించేది. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన పని జుట్టు నెరిసేనాటికి ఒక కొలిక్కి వచ్చింది. ఆ మట్టి ఎంతగా చెడిందంటే, మామూలు శనగ గింజ వేస్తే ఒక్క మొక్కకీ కాయ చూసే యోగం ఉండేది కాదు. అది చూసి ఆవిడ తృప్తిపడింది. పొలం పండితే మురిసేవాళ్ళను చూశాను గానీ ఎండితే మురిసేదాన్ని నిన్నే చూశానని భర్త అనేవాడు.

ఆ మడిలో అడుగుపెట్టడానికి వేరే చెప్పులుండేవి. గేటు దగ్గర అవి వేసుకోవాలి, వచ్చేటప్పుడు విప్పి, కాళ్ళు కడుక్కుని బయటపడాలి. ఒక్క మట్టి బెడ్డ అంటుకుని వచ్చినా జబ్బు ఊరు దాటిపోతుందని ఆవిడ భయం. ఆవిడకంటే ఎక్కువ భయం అత్తవారికి. ఇంటికి రమ్మని ప్రేమగా పిలిచేవారు, భోజనం పెట్టేవారు, పొలం వైపు మాత్రం తిప్పేవారు కాదు. "వదినా, నువ్వలా కుర్చీలో కూర్చో, అక్కడేముంది చూడ్డానికి" అనేది ఆడపడుచు, కుర్చీ గుమ్మానికి అడ్డంగా వేస్తూ.

మడిలో వరుసలు వేసే పద్ధతి కూడా చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. పరీక్షించే విత్తనాలు రెండు వరుసలు వేస్తే, పక్కనే బొత్తిగా బలం లేని విత్తనం ఒక వరుస వేస్తారు. దాన్ని సాక్షి వరుస అనేది ఆవిడ. సాక్షి చావాలి. సాక్షి చచ్చి, పక్క వరుస బతికితేనే ఆ బతుక్కి విలువ. సాక్షి కూడా పచ్చగా నిలబడిందా, ఇక ఆ ఏడు మడిలో ఎవరు బతికినా లెక్కలోకి రాదు. క్లాసులో పిల్లలకి ఇదొక్కటే ఆవిడ గొంతు పెంచి చెప్పేది.

అలా వడగట్టగా వడగట్టగా చివరికి ఒక విత్తనం మిగిలింది. రెండేళ్ళు వరసగా ఆ మడిలో నిలబడింది. ఇంకొకావిడైతే ఊరంతా చాటింపు వేయించేది. ఈవిడకి ఒక్క అనుమానం ఉండిపోయింది. రెండో ఏడు, కాయలు గట్టిపడే వేళ, ఒక మూల కొన్ని మొక్కలు పసుపురంగు తిరిగాయి. నీళ్ళు నిలిచి అలా అయిందా, జబ్బు ఆలస్యంగా ఎక్కిందా? ఎటూ తేల్చుకోలేకపోయింది. మూడో ఏడు మళ్ళీ వేస్తే తేలిపోతుంది. ఆ మూడో ఏడే ఆవిడ రిటైరయ్యే ఏడు కూడా. అది తేలాక, భర్తా తనూ ఆడపడుచు ఉండే సముద్రం ఒడ్డు ఊరికి వెళ్ళిపోవాలని మేడ మీద వాటా ఒకటి మాట్లాడి పెట్టుకున్నారు. భర్త తపాలా ఆఫీసులో పనిచేసి అప్పటికే రిటైరయ్యాడు. సామాన్లు కొద్దికొద్దిగా అట్టపెట్టెల్లో సర్దుతూ ఉండేవాడు. ఆవిడ నిజంగా అలసిపోయింది. మోకాళ్ళు, కళ్ళు, గొంతు ఒకదాని తరవాత ఒకటి మొరాయిస్తున్నాయి. పొద్దున్నే లేచి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో చూడాలని ఒకటే కోరిక.

ఇంతలో కాలేజీవాళ్ళు ఆవిడకి సన్మానం తలపెట్టారు. ప్రిన్సిపాల్ వయసులో చిన్నవాడు, ట్రాక్టర్లూ పంపుల విభాగం నుంచి వచ్చినవాడు, మంచివాడే. సన్మానంతో పాటు ఆ విత్తనాన్ని మేడమ్ పేరు మీద విడుదల చేయించి, పెద్ద అధికారి చేతుల మీదుగా రైతులకి పంచుదామని ఆయన ఉబలాటం. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆవిడ మనసులో అనుకుంది గానీ, వాదించే ఓపిక లేక, "కాయలు పండాక పెట్టుకోండి, అప్పటికి తేలిపోతుంది" అంది. ఆయన అలాగే తారీఖు పెట్టాడు. అక్కడిదాకా ఎవరి తప్పూ లేదు.

మొక్కలు జానెడు ఎదిగాయో లేదో ఆవిడ మోకాలు వాచి మంచానికి అతుక్కుపోయింది. డాక్టరు కాలు కింద పెట్టొద్దన్నాడు. మడి తాళం తోటల ఇన్‌ఛార్జి చేతికిచ్చింది. ఆయన సైన్యంలో చేసి వచ్చి ఆ ఏడే కాలేజీలో చేరాడు. నడకా మాటా చూసి అందరూ కమాండర్ అనేవారు. "నీళ్ళు పెట్టండి చాలు, ఇంకేమీ చెయ్యొద్దు" అని చెప్పింది. చెప్పులు మార్చుకోవడం నేర్పింది. చచ్చే మొక్కల్ని చావనివ్వాలని మాత్రం చెప్పలేదు. అది కూడా చెప్పాలని ఆవిడకి తోచలేదు.

నెల దాటాక కర్ర పట్టుకుని మడికి వెళ్ళింది. గేటు దగ్గరే ఆగిపోయింది. మడి పచ్చగా ఉంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా, విత్తనం వరుసలూ పచ్చగానే, సాక్షి వరుసలూ పచ్చగానే. అక్కడక్కడా మొక్కలు లేని ఖాళీలు తప్ప ఎక్కడా ఎండుపుల్ల కనిపించలేదు. ఆ మడిని ఆవిడ ఎప్పుడూ అలా చూడలేదు.  కర్ర సాయంతో వంగి గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది. మందు వాసన గుప్పుమంది.

కమాండర్ ట్యాంకు పక్కనుంచి నవ్వుతూ వచ్చాడు.

"చూశారా మేడమ్? మీకు చెప్పకుండా చేద్దామనుకున్నాను. మొదట్లో టపటపా రాలిపోయాయి. నాకు నిద్ర పట్టలేదు. పురుగుమందుల షాపతన్ని అడిగి, అన్నిటికంటే గట్టిది తెచ్చి మూడుసార్లు మొదళ్ళలో పోశాను. చచ్చినవాటిని వేళ్ళతో సహా పీకి తగలబెట్టించాను."

"ఎందుకండీ?" అంది ఆవిడ.

"ఎందుకేంటి మేడమ్. ఊరందరి మొక్కలకీ డాక్టరు మీరు. మీ మడిలోనే అన్నీ చచ్చిపడుంటే ఏం బాగుంటుంది? రేపు పెద్దవాళ్ళు వచ్చి చూస్తారాయె. పిల్లలు జోకులు వేసుకుంటుంటే నాకే తల కొట్టేసినట్టయింది."

"నా విత్తనం వరుసలకి కూడా పోశారా?"

"అన్నిటికీ పోశాను. ఎక్కడా తేడా చూపించలేదు."

కోపం వస్తే మనిషికి కాస్త బలమైనా వస్తుంది. ఆవిడకి కోపం రాలేదు. ఒళ్ళంతా సున్నమైపోయినట్టు అక్కడే గట్టు మీద కూలబడింది. సాక్షి వరుస అంటే ఏమిటో, అది చావకపోతే ఏమవుతుందో, క్లాసులో చెప్పినట్టే మొదటి నుంచీ చెప్పింది. గొంతు మాత్రం పెంచలేదు. వింటూ వింటూ కమాండర్ మొహం పాలిపోయింది. కాసేపటికి గట్టు కింద, మట్టిలో, ఆయనా కూర్చున్నాడు. మేలు చెయ్యబోయి కీడు చేసినవాణ్ణి ఓదార్చే పని కూడా ఆవిడ మీదే పడింది.

ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి చెప్పింది. ఆయన బల్ల మీద అప్పటికే పంచిపెట్టగా మిగిలిన ఆహ్వానపత్రాల కట్ట ఉంది.

"విత్తనం బతికే ఉంది కదా మేడమ్."

"అన్నీ బతికే ఉన్నాయి సార్. అదే గొడవ."

"రెండేళ్ళు తట్టుకున్నదేగా. మూడో ఏడు కూడా తట్టుకునేదే అనుకోండి. అధికారిగారి తారీఖు మళ్ళీ దొరకదు. మీరూ వెళ్ళిపోతున్నారు, తరవాత దీన్ని పట్టించుకునేవాళ్ళెవరు చెప్పండి? మీ కష్టం వృథా కాకూడదనే నా బాధంతా."

ఆయన అబద్ధమాడటం లేదు. అదే ఆవిడకి పుండు మీద కారంలా ఉంది. ఆలోచిస్తానని చెప్పి ఇంటికొచ్చింది. భర్త వంటింట్లో గిన్నెలు పెట్టెల్లో పెడుతున్నాడు. జరిగింది మొత్తం విన్నాడు.

"ఇప్పుడు నలుగురికీ చెప్పకపోతే ఏమవుతుంది?"

"సన్మానం జరుగుతుంది. విత్తనం ఊళ్ళలోకి పోతుంది."

"చెబితే?"

"సన్మానం పాడవుతుంది. మట్టికి మళ్ళీ జబ్బు రావాలంటే రెండేళ్ళో మూడేళ్ళో పడుతుంది. నేను లేకపోతే ఎవరూ చెయ్యరు."

ఆయన చేతిలో గిన్నె కింద పెట్టాడు. "సన్మానం పాడైతే నష్టం లేదులే. నువ్వు ఓ కుర్చీలో తిన్నగా కూర్చుని నేనెప్పుడు చూస్తానా అనే నా బెంగ" అన్నాడు.  నిజం చెప్పాలంటే ఆవిడ మనసు ఆ సాయంత్రం నోరు మూసుకుని ఊరుకోవడం వైపే మొగ్గింది. బతికే విత్తనమే అయివుండొచ్చు కదా. ఆ మూల మొక్కలు నీళ్ళు నిలిచే పసుపెక్కి ఉండొచ్చు కదా. ఒక జీవితానికి ఇంత చాకిరీ చాలదా? ఇలా అనుకుంటూనే, తన క్లాసు పిల్లలెవరైనా పరీక్షలో ఇదే జవాబు రాస్తే సున్నా వేసేదాన్నని కూడా అనుకుంది.

సన్మానం రోజు హాలు నిండింది. వేదిక మీద ఆవిడ గురించి చాలామంది చాలా మాట్లాడారు. ఎవరి గురించో విన్నట్టు విన్నది. పళ్ళెంలో విత్తనాల ప్యాకెట్లు పెట్టి తెచ్చారు. ప్రతి ప్యాకెట్టు మీదా ఆవిడ ఫోటో అచ్చువేయించారు, ఫోటోలో మాత్రం అలసట లేదు. అధికారి లేచి నిలబడ్డాడు, ఆవిణ్ణీ లేవమన్నారు. మొదటి ప్యాకెట్టు అందుకోవడానికి ఒక రైతును పిలిచారు. ఇస్త్రీ చొక్కాలో ఇబ్బందిగా కదులుతూ నడివయసాయన మెట్లెక్కాడు. ప్యాకెట్టు కోసం చెయ్యి చాచబోయి, ఆవిడ ఒంటికాలి మీద భారమంతా వేసి నిలబడటం చూశాడు. వెనక్కి వెళ్ళి కుర్చీ ఒకటి లాక్కొచ్చాడు.

"కూర్చోండమ్మా. దీనికేం తొందర" అన్నాడు.

ఆ కుర్చీ చూశాక ఆవిడకి ఉద్యోగం కొత్తల్లో సంగతి ఒకటి గుర్తొచ్చింది. చేరిన ఏడు, తన గురువుగారితో కలిసి ఒక పొలం చూడ్డానికి వెళ్ళింది. గురువుగారు తొందరపడి విడుదల చేసిన విత్తనమే ఆ పొలంలో వేశారు. కనుచూపు మేర ఎండుపుల్లలు. రైతు తిడతాడనుకుంది, కొట్టినా కొడతాడనుకుంది. ఆ రైతు ఒక్క మాట అనలేదు. ఇంట్లోంచి రెండు కుర్చీలు మోసుకొచ్చి, ఎండలో నిలబడ్డారని వాళ్ళకి వేశాడు. ఆ కుర్చీలో కూర్చోలేక, కూర్చోకుండా ఉండలేక ఆవిడ పడ్డ అవస్థ ఇంత వయసొచ్చినా ఒంట్లోంచి పోలేదు.

ఆవిడ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని మైకు దగ్గరికి జరిగింది.

"ఇది తీసుకోకండి. ఈ విత్తనం జబ్బుకి తట్టుకుంటుందో లేదో నాకు తెలీదు. తెలుసుకోవడానికే ఈ ఏడు వేశాను. మడిలో మందు పడింది. మందు పడ్డాక అన్నీ బతుకుతాయి, బతకడం గొప్ప కాదు. పోయినేడాది ఒక మూల కొన్ని మొక్కలు నాకు అనుమానం పుట్టించాయి. అది తీరకుండా మీ పొలంలో చల్లించలేను. మీరందరూ నా కోసం వచ్చారు. నన్ను మన్నించండి."

మందు ఎవరు పోశారో చెప్పలేదు. వెనక వరుసలో ఎవరో అర్థంకాక చప్పట్లు మొదలుపెట్టి, పక్కవాళ్ళు మోచేత్తో పొడిస్తే ఆపేశారు. అధికారి చేతిలో ప్యాకెట్టు ఎక్కడ పెట్టాలో తెలీక కోటు జేబులో పెట్టబోయి, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేశాడు. రైతు మాత్రం తల ఊపి, వచ్చినట్టే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆవిడ అప్పుడు కూర్చుంది.

సన్మాన ఫలకం మర్నాడు పాత పేపర్లో చుట్టి డ్రైవరు చేత ఇంటికి పంపించారు. ప్రిన్సిపాల్ చాలా రోజులు మొహం చూపించలేదు. తరవాత, జీతం లేకుండా మడి చూసుకుంటానని ఆవిడ అంటే వద్దనలేదు. వద్దని దాన్ని ఏం చేసుకుంటాడు? సముద్రం ఒడ్డు వాటా ఎవరికో వెళ్ళిపోయింది. ఆడపడుచు అలిగి ఫోన్లు మానేసింది. భర్త పెట్టెల్లోంచి గిన్నెలు తీసి మళ్ళీ అలమారలో సర్దుతూ, ఒక్కో గిన్నె తీసినప్పుడల్లా ఒక్కో మాట అన్నాడు. అన్నీ పడింది. పడవలసినవే అనుకుంది.

మట్టికి జబ్బు తెప్పించే పని మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి గోనెసంచులు మోసినవాడు కమాండర్. మొక్క వాడితేనే చూడలేనివాడు ఊరూరా తిరిగి, "మీ చేలో చచ్చిన శనగేమైనా ఉందా అండీ" అని అడుక్కొచ్చేవాడు. కొందరు నవ్వారు, కొందరు కుక్కల్ని వదిలారు. తెచ్చింది నరికి మడిలో కలిపి దున్నించారు. తరవాతి ఏడు శనగ వేస్తే మడంతా నిగనిగలాడుతూ పెరిగింది. ట్యాంకు దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు, "ఎంత బాగా పండిందో మేడమ్, మీ చెయ్యి మంచిది" అని మెచ్చుకునేవారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఆవిడ నవ్వి ఊరుకునేది. ఇంటికొచ్చి మోకాళ్ళకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటూ, ఇక నా వల్ల కాదని రోజూ ఒకసారి అనేది. పొద్దున్న లేచి కర్ర వెతుక్కునేది.

ఆ పై ఏడు ఒక పొద్దున కమాండర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, ఒకటి చచ్చింది. సాక్షి వరుసలో. పక్కది కూడా తల వాల్చింది."

"నీళ్ళెక్కువై కాదు కదా?"

"కాదు మేడమ్. వేరు చీల్చి చూశాను. మీరు చెప్పినట్టే లోపలంతా నల్లగా ఉంది."

ఆయన గొంతులో సంతోషం విని ఆవిడకి నవ్వొచ్చింది, ఎన్నాళ్ళకో. పూత వచ్చేసరికి సాక్షి వరుసలు పూర్తిగా పోయాయి. మడి మళ్ళీ తన మడి అయింది. మధ్యలో ఆవిడ విత్తనం వరుసలు రెండూ పచ్చగా, నిండుగా కాయలు కట్టాయి. భర్త కూడా ఒకరోజు వచ్చి, చెప్పులు మార్చుకుని, చూసి, "గట్టిదే" అన్నాడు. ఆవిడ ఆశ పడకుండా ఉండాలనుకుంది గానీ పడింది, బాగానే పడింది.

కాయలు గట్టిపడే వేళ, మొదట ఒక మూల నాలుగు మొక్కలు పసుపెక్కాయి. ఈసారి మడిలో ఎక్కడా నీళ్ళు నిలవలేదు. వారం తిరగకుండా పసుపు వరుసంతా పాకింది. ఇంకో వారానికి రెండు వరుసలూ, కాయలు కాయల్లాగే ఉండగా, నిలువునా ఎండిపోయాయి. ఆవిడ మడి మధ్యలో నిలబడి ఏడ్చింది. ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోలేదు. ఒక జీవితకాలం చేసిన పని కళ్ళ ముందు పుల్లలై నిలబడితే ఏడవక ఏం చేస్తుంది?

కమాండర్ దగ్గరికొచ్చాడు. "ఇంత చేసింది ఇది చావడానికా మేడమ్?" అన్నాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "అప్పటి ప్యాకెట్లు ఏమయ్యాయి?" అని అడిగింది.

"గోడౌన్లోనే ఉన్నాయి మేడమ్. ఒక్కటి కూడా బయటికి పోలేదు."

"ఎవరి పొలంలోనూ లేదన్నమాట."

"ఎక్కడా లేదు మేడమ్. ఇక్కడే."

ఆవిడ ఎండిన ఒక మొక్కను పీకి, వేరు చూసి, మళ్ళీ అక్కడే పడేసింది. "అయితే వీటిని కూడా నరికించి దున్నించండి. ఎవరైనా మంచి విత్తనం తెస్తే మడి సిద్ధంగా ఉండాలి" అంది. తరవాత గేటు దగ్గర చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, ఇంటికి బయల్దేరింది.